ఆంటీ స్టీరింగు, అంకుల్ గేరు

నా కుడికాలు ఇంకా రిటైర్ అవలేదు. మిగతా నేను యాభై దాటిన కొన్నాళ్లకే ఉద్యోగం మానేసి హాయిగా ఉన్నాను కానీ, అది మాత్రం భోజనాల బల్ల కింద, సినిమా హాల్లో ముందు సీటు కింద, ఆఖరికి విమానం దిగేటప్పుడు కూడా లేని బ్రేకును నేల బద్దలయ్యేలా తొక్కుతూనే ఉంటుంది. కిందటిసారి మా విమానం ఆక్లాండ్‌లో క్షేమంగా దిగిందంటే అందులో పైలట్ వాటా సగమే అని నా గట్టి నమ్మకం. డ్రైవింగ్ నేర్పేవాడి కాలు అలాగే ఉంటుంది. ఎడమ సీట్లో కూర్చుని, కుడి సీట్లోవాళ్లు తీసుకొచ్చే చావును గంటకోసారి బూటు కింద నలిపెయ్యడమే ఆ వృత్తి.

ఇందులోకి రావాలనుకుంటున్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! కుర్రకారుకి నేర్పడం గురించి నేను చెప్పక్కర్లేదు. వాళ్లకు ఏమీ రాదు. రాదని వాళ్లకూ తెలుసు, మనకూ తెలుసు, ఎదురొచ్చే బస్సుకు కూడా తెలుసు. అసలు గుండెదడ ఎక్కడుంటుందంటే, జీవితమంతా కారు నడిపి, ముసలితనంలో చెయ్యి విరగ్గొట్టుకుని, కట్టు విప్పించుకుని మళ్లీ స్టీరింగ్ ముందు కూర్చునేవాళ్ల దగ్గర. వాళ్లకు అన్నీ వచ్చు. చేతికి ఏది వచ్చో ఏది రాదో మాత్రం ఇంజిన్ స్టార్ట్ చేసేదాకా ఎవరికీ తెలియదు. అలాంటి ఒక ఆంటీ నా సర్వీసులో ఎన్ని వెంట్రుకలు తెల్లబరిచిందో చెప్పాలంటే ముందు నాకు జుట్టు ఉండేదని మీరు నమ్మాలి.

అప్పట్లో నేను ఆక్లాండ్‌లోని మౌంట్ ఆల్బర్ట్‌లో ఒక చిన్న డ్రైవింగ్ స్కూల్లో పనిచేసేవాణ్ణి. ఇద్దరమే పంతుళ్లం. రెండో ఆయన కివీ పెద్దమనిషి, న్యూజిలాండ్‌లోనే పుట్టి పెరిగినవాడు. భూమి చల్లబడ్డప్పటి నుంచి అదే సీట్లో కూర్చున్నట్టు ఉండేవాడు. ఎక్కువ మాట్లాడితే నాలుక అరిగిపోతుందని భయం కాబోలు, ఏం అడిగినా "యా... నా..." అని ఔనూ కాదూ ఒకే ఊపిరిలో చెప్పి ఊరుకునేవాడు. అందులో ఏది నమ్మాలో తేల్చుకోవడానికి నా సర్వీసంతా చాల్లేదు.

ఒక వానరోజున ఫోన్ మోగింది.

"బిడ్డా, నువ్వు తెలుగోనివేనట గద. నాకు డ్రైవింగు నేర్పాలె."

"కొత్తగా నేర్చుకుంటారా ఆంటీ?"

"కొత్తగనా? నువ్వు లాగు తొడగకముందు నుంచి నడుపుతున్న. చెయ్యి ఇరిగింది, అందుకు."

నాకే అంకుల్ వయసు వచ్చి, గుడిలో పిల్లలు నాకే దణ్ణాలు పెడుతున్న రోజులవి. అలాంటివాణ్ణి పట్టుకుని లాగుల దాకా తీసుకెళ్లిన ఆ గొంతు వినగానే నేను కుర్చీలోంచి లేచి నిలబడి మాట్లాడాను.

వాళ్లిల్లు మౌంట్ ఆల్బర్ట్ కొండకు ఆనుకున్న ఒక ఏటవాలు వీధిలో పైన ఉంది. ఆ వీధి ఎక్కాలంటే ఆక్సిజన్ సిలిండర్ వెంట పెట్టుకోవాలి. మధ్యలో ఒక వంపు. కారు ఆ వంపులో తప్పటడుగు వేస్తే వెనక్కి జారుకుంటూ పోయి నేరుగా సముద్రంలో తేలుతుందని నా అంచనా. చెత్త బండి వచ్చే రోజున ఆంటీ చక్రాల చెత్తడబ్బాను కిందికి దింపబోయింది. తడిసిన వాలు మీద డబ్బాయే ఆంటీని దింపింది. పడుతూ ఎడమచెయ్యి ఆనించడంతో మణికట్టు దగ్గర రెండెముకలూ విరిగాయి. కట్టు కట్టారు, విప్పారు. చేతికి వ్యాయామం చేయించే థెరపిస్టు పిసకడానికి ఒక ఆకుపచ్చ రబ్బరు ముద్ద ఇచ్చింది.

ఈలోగా ఆంటీకి డెబ్బై అయిదు నిండబోతోంది. ఈ దేశంలో ఆ వయసు వచ్చాక డాక్టరు సరేనంటేనే లైసెన్సు. డాక్టరు ఆ చెయ్యి చూసి పెదవి విరిచాడు. డ్రైవింగ్ పరీక్షించే ఒక థెరపిస్టు ఉంటుంది, ఆవిడ కారెక్కి చూసి బాగుందంటే సంతకం పెడతాను, లేకపోతే లేదు అన్నాడు. పరీక్ష నెల తిరగకుండానే.

లైసెన్సు పోతే పోయేది ఒక్క కారు కాదు. అంకుల్‌కి కంటి మధ్యలో చూపు పోయింది. ఎదురుగా నిలబడ్డ మనిషి మొహం కనపడదు, మొహం పక్కనున్న గోడ కనపడుతుంది. కంట్లో ఇంజెక్షన్లకు క్లినిక్‌కి తీసుకెళ్లాలన్నా, మన దేశపు కొట్లుండే శాండ్రింగ్‌హామ్‌లో పప్పూ బియ్యం తెచ్చుకోవాలన్నా ఆంటీ నడపాల్సిందే. విమానమెక్కి వెళ్లాల్సినంత దూరాన క్రైస్ట్‌చర్చ్‌లో ఉండే కూతురు అప్పుడే తన ఇంట్లో వీళ్లకోసం గది సర్దేసి, పరదాల రంగు బాగుందా అని ఫొటోలు కూడా పంపింది.

"పరదాలు మంచిగనే ఉన్నయి," అంది ఆంటీ నాకు ఫోన్‌లో చూపిస్తూ. "మంచి పరదాల ఎనక గూసొని ఏం జెయ్యాలె? ఈ ఇల్లు ఇడిసిపెట్టి నేను పోను. లైసెన్సు ఇప్పియ్యి."

దేవుణ్ణి వరం అడిగినట్టు కూడా కాదు, కొట్లో సబ్బు అడిగినట్టు అడిగింది.

కారు చూశాను. పాత జపాన్ కారు. మాన్యువల్. న్యూజిలాండ్‌లో మాన్యువల్ కారు కనిపించడమంటే మ్యూజియంలోంచి డైనోసార్ నడిచొచ్చి సిగ్నల్ దగ్గర ఆగినట్టు. మా స్కూల్లో ఒక్కటీ లేదు. అంటే నేర్పడమైనా, పరీక్షయినా అందులోనే. స్కూలు కార్లలోలా పంతులు వైపు రెండో బ్రేకు ఉండదు. నా కుడికాలికి ఆ విషయం ఎలా చెప్పాలో అర్థం కాలేదు.

"ఆటోమేటిక్ కారు తీసుకోండి ఆంటీ. ఎడమచేతికి పనే ఉండదు. సగం బాధ పోతుంది."

గుమ్మంలో నిలబడ్డ అంకుల్ గతుక్కుమన్నాడు. ఆయన వరంగల్ బస్ డిపోలో గేరుబాక్సులు విప్పి బిగించిన మనిషి. ఇక్కడికొచ్చాక కూడా ఒక వర్క్‌షాప్‌లో అదే పని. ఈ కారు గేరుబాక్సు చూపున్నప్పుడు ఆయనే చేత్తో పోసి చేసినట్టు చేశాడట.

"ఆటోమేటిక్ నడుపుడంటే లిఫ్టు ఎక్కినట్టే తమ్మీ," అన్నాడు. "బటన్ ఒత్తు, గమ్మున నిలవడు. గదొక డ్రైవింగా?"

ఆంటీ మాత్రం ఆయన్ను చూసి, నా వైపు తిరిగింది. నన్ను ఒక చూపు చూసింది. ఆ చూపుకు అర్థం నాకు ఆ రోజు తెలియలేదు.

మొదటి క్లాసు. ఆంటీ స్టీరింగ్ ముందు కూర్చుని, సీటు జరుపుకుని, అద్దాలు సరిచేసుకుని, బెల్టు పెట్టుకుంది. చూడముచ్చటగా ఉంది. నేను పక్కన కూర్చున్నాను. అంకుల్ వచ్చి నా కిటికీలోంచి లోపలికి వంగాడు.

"జెర జరుగు తమ్మీ," అని, నా పొట్ట మీదుగా చెయ్యి చాపి, గేరు రాడ్ తడిమి పట్టుకుని ఫస్టులో వేశాడు. "ఏసిన. ఇగ పొండ్రి."

భార్యకు ఎదురొచ్చి పంపించే భర్తల్ని చూశాను, గేరు వేసి పంపించే భర్తను చూడటం అదే మొదలు. ఎంత ప్రేమో అనుకుని నా కళ్లు చెమర్చాయి. చెమర్చిన కళ్లు తుడుచుకునే లోపు కారు వీధిలోకి దూకింది.

"రెండు!" అంది ఆంటీ.

ఏం రెండు? ఎదురుగా రెండు కార్లున్నాయా, రెండు కుక్కలున్నాయా అని చూస్తున్నాను.

"రెండు!" అంది మళ్లీ. ఇంజిన్ ఫస్టు గేరులోనే గొంతు చించుకుంటోంది. ఆ అరుపుకు దక్షిణ ధ్రువంలో పెంగ్విన్లు గుడ్ల మీంచి లేచి నిలబడి ఉంటాయి.

"రెండేంటండీ?"

"రెండయ్యా, రెండు! ఎయ్యి!"

వంపు దగ్గరికొచ్చేసింది. నా కుడికాలు కార్పెట్‌ను, దాని కింద రేకును, రేకు కింద తారురోడ్డును తొక్కింది. ఆంటీ రెండు కాళ్లూ అదిమి, కర్ర్ర్ మని హ్యాండ్‌బ్రేక్ లాగి కారును ఫుట్‌పాత్ పక్కన నిలబెట్టింది. ఒక పావుగంట నా కాలిని కార్పెట్‌లోంచి పైకి లాక్కున్నాను. పావుగంట కాకపోతే పావు నిమిషం.

"గేరు నేనెందుకు వెయ్యాలండీ?"

"మా ఆయనేస్తడు," అంది ఆంటీ, చిన్నపిల్లాడికి చెప్పినట్టు. "ఆయన సీట్ల కూసున్నవ్ గద నువ్వు."

అప్పుడు బయటపడింది. కట్టు విప్పినప్పటి నుంచి ఈ కారుకు ఇద్దరు డ్రైవర్లు. కళ్లు ఆంటీవి, కాళ్లు ఆంటీవి, కుడిచెయ్యి ఆంటీది. ఎడమచేతి పని మాత్రం పక్క సీట్లోని అంకుల్ కుడిచేతిది. ఆవిడ క్లచ్ తొక్కి అంకె చెబుతుంది, చూపులేని ఆయన గేరు వేస్తాడు. ఇలా క్లినిక్‌కి వెళ్లొచ్చారు, శాండ్రింగ్‌హామ్‌లో కూరగాయలు తెచ్చుకున్నారు, ఒకసారి కార్లన్నీ వంద వేగంతో పోయే మోటార్‌వే కూడా ఎక్కారట! చట్టం దృష్టిలో దీన్ని ఏమంటారో నాకు తెలియదు. నా గుండె దృష్టిలో మాత్రం అది హత్యాయత్నం.

"ఆంటీ, పరీక్ష చేసేవాళ్ల ముందు మీరు 'రెండు' అంటే లైసెన్సు అక్కడే చింపేస్తారు."

"చెయ్యి వస్తలేదు గదయ్యా," అని ఎడమచెయ్యి ఎత్తి చూపించింది. వేళ్లు గేరు రాడ్ చుట్టూ సగం మూసుకుని ఆగిపోయాయి. మొహంలో నొప్పి. నేను నమ్మాను. ఇన్నేళ్ల అనుభవం, ఇంత నిశిత దృష్టి ఉన్నవాణ్ణి, కళ్లముందు జరిగిన ఒక చిన్న విషయం గమనించకుండా నమ్మేశాను. అదేమిటో తర్వాత మీకే తెలుస్తుంది.

రెండో క్లాసుకు అంకుల్ తనూ వస్తానన్నాడు. వెనక సీట్లో కూర్చుని, చేతులు తొడల కింద పెట్టుకోవాలని షరతు పెట్టాను. పెట్టుకున్నాడు పాపం. కానీ ఆంటీ నోటి నుంచి "మూడు" అనే మాట రాగానే, ఆ చెయ్యి ఆయన ప్రమేయం లేకుండా తుపాకీ గుండులా రెండు సీట్ల మధ్య నుంచి దూసుకొచ్చింది. చూపు లేదు కదా, గేరు రాడ్ అనుకుని నా మోకాలిని పట్టుకుంది. పట్టుకుని, డిపోలో ఎన్నో బస్సులను లొంగదీసిన బలంతో, మూడో గేరులో వేసింది. నా మోకాలు ఆ రోజు నుంచి వానొస్తుందని ముందే చెబుతుంది.

"పడ్డదా?" అన్నాడు అంకుల్.

"పడింది అంకుల్," అన్నాను, కుంటుకుంటూ దిగి.

రోజులు పోతున్నాయి. పరీక్ష దగ్గరపడుతోంది. చెయ్యి కదలడం లేదు. కూతురు ఫోన్‌లో పరదాల తర్వాత దుప్పట్ల దాకా వచ్చింది. స్కూల్లో మా పెద్దమనిషిని అడిగాను, ఇలా అయితే ఆవిడ పాసవుతుందా అని. "యా..." అన్నాడు. ఆశగా చూశాను. "...నా," అన్నాడు.

ఆ మర్నాడు క్లాసుకు వాళ్లింటికి వెళ్లాను. అంకుల్ హాల్లో రేడియో దగ్గర కూర్చున్నాడు. ఆంటీ వంటింట్లో ఉంది.

"చెయ్యి ఎట్లుందే ఇయ్యాల?" అని హాల్లోంచి అంకుల్ అడిగాడు.

"ఎక్కడయ్యా... అబ్బా... మడతవడుతలేదు," అని వంటింట్లోంచి మూలుగు.

నేను వంటింటి గుమ్మం దగ్గర ఆగిపోయాను. ఆంటీ సింక్ ముందు నిలబడి, నేల తుడిచే మందపాటి తడిగుడ్డను రెండు చేతులతో పిండుతోంది. మామూలు పిండటం కాదు. ఆ గుడ్డలోంచి ఆఖరి చుక్క కూడా ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని పారిపోయింది. ఎడమ మణికట్టు నున్నగా తిరుగుతోంది. మొహం ప్రశాంతంగా ఉంది. నోరు మాత్రం "అబ్బా, అయ్యా" అని మూలుగుతోంది.

నన్ను చూసింది. మూలుగు ఆపలేదు. పిండటమూ ఆపలేదు. కళ్లతోనే నన్ను పెరట్లోకి పొమ్మంది.

పెరట్లో గొడుగులా తిరిగే బట్టల దండెం కింద నిలబడ్డాం. తడిగుడ్డ దులిపి వేస్తూ గొంతు తగ్గించి చెప్పింది.

"చూపు పోయినంక ఆయన కుర్చీల నుంచి లేస్తనే లేకుండె. రేడియో పెట్టుకునుడు బంజేసిండు. గడ్డం గీసుకుంట లేకుండె. ఏమన్న అడిగితే, నాకేం కనవడ్తది, నన్నెందుకడుగుతవ్ అనెటోడు. నా చెయ్యి ఇరిగిందా? కండ్ల దవఖానకు పోవాలె. ఎట్ల పోదామంటే, నువ్వు స్టీరింగు పట్టుకో, గేర్లు నేనేస్త అన్నడు. ఏసిండు. ఒక్కటి తప్పలే. ఇంటికొచ్చి గడ్డం గీసుకుండు బిడ్డా. నా చెయ్యి పడిపోయినంక ఆయన చెయ్యి లేసింది. ఇగ ఇప్పుడు నాది మంచిగయ్యిందని ఎట్ల జెప్పాలె?"

ఆటోమేటిక్ అన్నప్పటి ఆ చూపు అప్పుడు అర్థమయింది. ఆ కారులో ఆయనకు కూర్చోవడానికి సీటు ఉంటుంది, చెయ్యడానికి ఏమీ ఉండదు.

మామూలుగా నాకు మాటలకు కరువుండదు.  ఆ రోజు మాత్రం ముందు దండెం మీది గుడ్డకు క్లిప్పులు పెట్టాను. చివరికి అన్నాను: "చెప్పకపోతే క్రైస్ట్‌చర్చ్ వెళ్లాలి ఆంటీ. అక్కడ మీ అల్లుడి కారులో ఇద్దరూ వెనక సీట్లో కూర్చోవాలి. ఆయనకు గేరూ ఉండదు, మీకు స్టీరింగూ ఉండదు."

ఆంటీ ఆ క్లిప్పులు తీసి, గుడ్డను మళ్లీ పిండి వేసింది. తర్వాత, "ఆయనకు ఎర్కగాకుండ నేర్పు," అంది.

అలా రహస్య శిక్షణ మొదలైంది. గూఢచారి సంస్థలు కూడా ఇంత జాగ్రత్తగా ఉండవు. అంకుల్‌ను ఇంట్లో ఆపడానికి ఆంటీ రోజూ కుక్కర్‌లో పప్పు పెట్టేది. "నేనొచ్చేదాంక విజిల్స్ ఇను. ఎక్కువొస్తే బందుజెయ్యి," అని ఆయన్ను కాపలా పెట్టి బయల్దేరేది. ఆ రోజుల్లో వాళ్లు తిన్న పప్పుకు ఒక గోడౌను ఖాళీ అయి ఉంటుంది.

చెయ్యి బాగయిందని సంబరపడ్డాను కానీ, ఇంకో పిడుగు పడింది. దగ్గర్లోని ఒక క్లబ్బు పార్కింగులో, ఎవరూ లేనిచోట, ఆంటీ గేర్లు వెన్నలో కత్తిలా వేసేది. రోడ్డెక్కి, వెనక ఒక లారీ కనపడగానే నోరు "రెండు" అనేది. ఎడమచెయ్యి ఒళ్లో కూర్చుని, వేరే చెయ్యి వస్తుందని ఎదురుచూసేది. ఎముక అతుక్కుంది, అలవాటు అతుక్కోలేదు. పైగా ఇన్నాళ్లు నటిస్తూ సగం వాడటంతో బొటనవేలు నిజంగానే బిగుసుకుంది. హ్యాండ్‌బ్రేక్ లాగగలదు, బటన్ నొక్కి దించాలంటే చెమటలు పట్టేవి. రబ్బరు ముద్ద పిసకమని పోరాను. "చపాతి పిండైతే కడుపన్న నిండుతది," అంటూనే పిసికింది. నోరు కట్టేయడానికి బుగ్గన లవంగం పెట్టుకోమన్నాను. లవంగం బుగ్గనే పెట్టుకుని "రెండు" అనేది.

పరీక్షకు ముందు రోజు వాళ్ల వీధి వంపు దగ్గర అసలు ప్రళయం వచ్చింది. మూడో గేరులో ఎక్కుతున్నాం. రెండులోకి దించాలి. "రెండు," అంది. చెయ్యి ఒళ్లోనే ఉంది. ఇంజిన్ దగ్గి, దగ్గి, ప్రాణం వదిలింది. కారు వెనక్కి జారడం మొదలుపెట్టింది. నా కాలు పాతాళం దాకా తొక్కింది. పాతాళంలోనూ బ్రేకు లేదు. వెనక ఎవరిదో చెత్తడబ్బా ఫెళ్లుమని పడిపోయింది. కర్ర్ర్. ఆంటీ హ్యాండ్‌బ్రేక్ లాగింది.

ఇద్దరం దిగి డబ్బా లేపి నిలబెట్టాం. ఆంటీ దాని వైపు చాలాసేపు చూసింది. చెయ్యి విరగ్గొట్టింది అలాంటిదే మరి.

"రేపు గూడ గిట్లనే అయితది," అంది. నా మొహం చూడలేదు. ఆవిడ గొంతులో భయం వినడం అదే మొదటిసారి. నేను డబ్బా మూత సరిగ్గా మూశాను.

పరీక్ష రోజు. డ్రైవింగ్ పరీక్షించే థెరపిస్టు వచ్చింది. సన్నటి కివీ ఆవిడ, వానకోటు, పక్షి ఈక కిందపడ్డంత మెత్తటి గొంతు. గట్టిగా అరిచేవాళ్లకు నేను భయపడను. అంత మెత్తగా మాట్లాడేవాళ్లు ఏ లైసెన్సునైనా నవ్వుతూ లాక్కోగలరు. ఆవిడ వెనక సీట్లో కూర్చుంటుంది. ముందు పక్క సీట్లో ఒక పంతులు కూర్చోవాలి. నేర్పినవాడు కూర్చోకూడదని మా స్కూలు పద్ధతి. కాబట్టి మా పెద్దమనిషి ఎక్కాడు. హ్యాండ్‌బ్రేక్ పక్కన చెయ్యి సిద్ధంగా పెట్టుకున్నాడు.

ఆంటీ సరిచేసిన అద్దాలనే మళ్లీ సరిచేసుకుంటోంది. అంకుల్ గుమ్మం మెట్లు దిగి వచ్చాడు. గడ్డం నున్నగా గీసుకున్నాడు. ఎప్పటిలా కిటికీలోంచి వంగి ఫస్టు వేస్తాడేమోనని కిటికీకి అడ్డం పడబోయాను. వంగలేదు. కారు పైకప్పు మీద రెండుసార్లు తట్టి వెనక్కి జరిగాడు. ఆంటీ ఎడమచెయ్యి గేరు మీదికి వెళ్లడం నేను చూశాను. కారు కదిలింది. వంపు తిరిగి కనపడకుండా పోయింది.

ఫుట్‌పాత్ మీద అంకులూ నేనూ మిగిలాం. కొంతసేపు ఇద్దరం వానచుక్కల్ని విన్నాం.

"తమ్మీ, ఒకటి అడుగుత," అన్నాడు. "ఆమె గేర్లు నేనేసిన. మరి హ్యాండ్‌బ్రేక్ ఎవరు గుంజిండ్రు?"

నేను నోరు తెరిచాను.

"ఆగినప్పుడల్ల కర్ర్ మని ఇనవడ్తది. నేనైతే ఎన్నడు గుంజలే. దయ్యం గుంజిందా?"

మొదటి క్లాసులో కర్ర్ మన్నప్పుడు నా పక్కనే, నా ముక్కు కింద, ఆంటీ ఎడమచెయ్యే లాగింది. నేను చూడలేదు. చూపులేని మనిషి విన్నాడు.

"ఎప్పటి నుంచి తెలుసు అంకుల్?"

"మొదటి నుంచి ఎర్కే."

"మరి చెప్పలేదేంటండీ?"

ఆయన గీసుకున్న గడ్డం తడుముకున్నాడు. "ఆమె బాధపడ్తదని ఊకున్న అని చెప్పొచ్చు. గదేం గాదు. నాకు మంచిగనిపించింది, ఊకున్న." కండువా సర్దుకుని అన్నాడు, "నిన్న వంపు కాడ బండి బందుపడ్డది గూడ ఇన్న. డబ్బా పడ్డది. విజిల్ ఇనుమని చెప్పిపోయింది గద, ఇనుకుంట కూసుంటే అన్నీ ఇనవడ్తయి. ఆ తర్వాత విజిల్స్ ఎన్నొచ్చినయో లెక్క తప్పిన. నా గేరు కోసం ఆమె సచ్చేదుండె."

 వినడం మొదలుపెట్టాడు. తల ఒక పక్కకు వంచి, కళ్లు మూసుకుని. నేనూ విన్నాను. నాకు వాన, ఒక కుక్క, నా గుండె తప్ప ఏమీ వినపడలేదు. నా గుండె చప్పుడు మాత్రం క్రైస్ట్‌చర్చ్ దాకా వినపడి ఉంటుంది. ఒక బస్సు పోయింది. కాదన్నట్టు తలూపాడు. ఒక కారు వచ్చింది. "ఆటోమేటిక్," అని మొహం చిట్లించాడు. ఎదురింటివాడు సరిగ్గా అప్పుడే, వానలో, గడ్డి కోసే మిషన్ స్టార్ట్ చేశాడు. ఈ దేశంలో గడ్డి పిచ్చి ఎంతటిదో అప్పుడే తెలిసింది. నేను వీధి దాటి పరిగెత్తి, చేతులు జోడించి, వాళ్ల ముత్తాతల మీద ఒట్టేయించి ఆ మిషన్ ఆపించి వచ్చాను.

"వస్తుంది," అన్నాడు అంకుల్.

నాకేమీ వినపడలేదు. కాసేపటికి వినపడింది. కింద ఎక్కడో, సన్నగా. మూడో గేరులో ఎక్కుతోంది. గొంతు బరువెక్కుతోంది. వంపు దగ్గరపడుతోంది. అంకుల్ చెయ్యి చాపి నా మోచెయ్యి పట్టుకున్నాడు.

ఇంజిన్ దగ్గింది.

"రెండు," అన్నాడు గొణుగుతున్నట్టు. "రెండెయ్యి. రెండే..."

ఇంకోసారి దగ్గింది. నిన్నటి దగ్గే. నా కాలు ఫుట్‌పాత్‌ను తొక్కుతోంది. అంకుల్ చెయ్యి నా మోచేతిని ముందుకు తోసి, వెనక్కి లాగబోయి, మధ్యలో ఆగిపోయింది. ఆ చెయ్యి వేస్తే సరిపోయే గేరు కాదది. అది ఆయనకూ తెలుసు.

చప్పుడు తెగింది. ఒక్క క్షణం ఏమీ లేదు.

టక్.

అంతే. ఇంజిన్ ఊపిరి పీల్చుకుని, గొంతు సవరించుకుని, వంపు ఎక్కేసింది. అంకుల్ నా మోచెయ్యి వదిలేశాడు. మెడదాకా పట్టిన చెమటను కండువాతో తుడుచుకున్నాడు.

"ఆమెనే ఏసింది," అన్నాడు. అదొక్క మాటే.

కారు వచ్చి ఇంటి ముందు ఆగింది. మా పెద్దమనిషి దిగాడు. ఎలా నడిపిందన్నట్టు చూశాను. ఆకాశం వైపు చూసి, నేల వైపు చూసి, "నాట్ బ్యాడ్," అన్నాడు. న్యూజిలాండ్‌లో 'నాట్ బ్యాడ్' అంటే మన దగ్గర పూర్ణకుంభంతో ఎదురొచ్చి ఏనుగు మీద ఊరేగించడం. థెరపిస్టు తన మెత్తటి గొంతుతో, బొటనవేలికి వ్యాయామం మానొద్దని ఆంటీకి చెప్పి, మిగతాదంతా బాగుందని డాక్టరుకు రాస్తానంది. మాన్యువల్ కూడా నడపొచ్చంది. ఒక ప్రశ్న మాత్రం మిగిలింది ఆవిడకు: దారిపొడవునా ఈమె పెదవులు ఏదో అంటున్నాయి, దేవుణ్ణి తలుచుకుంటోందా? అవునన్నాను. అంకెల దేవుడని చెప్పలేదు.

వాళ్లు వెళ్లిపోయాక ఆంటీ ఇంకా డ్రైవర్ సీట్లోనే ఉంది.  ఎడమచెయ్యి ఇంకా గేరు మీదే ఉంది. ఆ సంగతి గుర్తొచ్చి, గబుక్కున ఒళ్లోకి తీసుకుంది. తియ్యకపోయినా అంకుల్‌కు కనపడదని కూడా గుర్తు రాలేదు.

అంకుల్ బానెట్ తడుముకుంటూ కిటికీ దగ్గరికి వచ్చాడు.

"వంపు కాడ రెండు లేటేసినవ్," అన్నాడు.

ఆంటీ తల గిరుక్కున తిప్పింది. నా వైపు చూసింది. నేను అప్పటికప్పుడు ఎదురింటి గడ్డిని పరిశీలించడంలో మునిగిపోయాను.

"ఇనవడ్డదా?"

"ఇంజన్ మొత్తుకుంటుంది గద. చెవులున్నోనికి ఎవనికైన ఇనవడ్తది. నువ్వే ఇంటలేవు."

 ఇక్కడ ఏడుపొస్తుందేమోనని భయపడి నేను జేబురుమాలు తీశాను, నా కోసమే. కానీ ఆంటీకి కోపం వచ్చింది.

"నేను రోడ్డు జూడాల్నా, లారీలు జూడాల్నా, ఇంజన్ ఇనాల్నా? ఇనవడితే పక్కన గూసొని చెప్పరాదు? ఉత్తగ నిలవడి వంకలు వెట్టుడు గాదు. ఎక్కు! ఈయన క్లాసుల పుణ్యాన పప్పు డబ్బా ఖాళీ అయ్యింది. శాండ్రింగ్‌హామ్ పోవాలె."

అంకుల్ చుట్టూ తిరిగి వెళ్లి ఎక్కాడు. బెల్టు పెట్టుకున్నాడు. రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, తల ఒక పక్కకు వంచాడు. ఆంటీ ఎడమచెయ్యి ఫస్టు వేసింది. హ్యాండ్‌బ్రేక్ బటన్ మీద బొటనవేలు ఒకసారి మొరాయించి, తర్వాత లొంగింది. కారు వంపు దిగి, కింద మలుపు తిరిగి, అవతలి ఎత్తు ఎక్కడం మొదలుపెట్టింది. వానలోనూ కిటికీలు తెరిచే ఉన్నాయి.

ఇంజిన్ గొంతు బరువెక్కింది.

"రెండు!" అని వినపడింది, వీధి వీధంతా అదిరేలా. ఈసారి గొంతు అంకుల్‌ది.

ఫుట్‌పాత్ మీద నిలబడ్డ నా మోకాలు దానంతటదే రెండో గేరులోకి వెళ్లింది.